మందు లేని మంచింగు

మా ఇంట్లో అనుమానం ఉడికిన శనగల వాసనతోపాటే పుట్టింది.

శనివారం పొద్దున ఖానాపురం హవేలిలో మా వీధి వీధంతా స్కూటర్లు స్టార్టు చేసుకుని పనులకు పోతుంటే నేను మాత్రం లుంగీ ఎగ్గట్టి వంటింట్లో క్యాంపింగుకు తిండి సర్దుతున్నాను. ఉడకబెట్టిన నల్ల శనగలు ఒక డబ్బా. మొలకెత్తిన పెసలు ఒక డబ్బా. చక్రాలుగా కోసిన కీరదోస. ఉడికించిన కోడిగుడ్లు, అదీ పచ్చసొన తీసేసి తెల్లది మాత్రమే. మరమరాలు, వాటిలో కలపడానికి ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, నిమ్మకాయలు. దోరగా వేయించిన పల్లీలు గుప్పెడు. మొత్తం మీద నూనె చుక్క లేదు, చక్కెర పలుకు లేదు. ఆ తిండి ఎంత తేలికైనదంటే మూతలు పెట్టకపోతే ఫ్యాను గాలికి లేచి మున్నేరు అవతల పడేది.

మా ఆవిడది మధిర. రైలెక్కితే గంట తిరక్కుండా బెజవాడ చేరే ఊరు కాబట్టి ఆవిడ అనుమానం కూడా కృష్ణాజిల్లా మర్యాదలతో వస్తుంది. గుమ్మం దగ్గర నిలబడి డబ్బాలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"ఏవండీ, చాలా పద్ధతిగా సర్దారు. మరి అదెక్కడ పెట్టారు?"

"ఏది?"

"అదే."

"అదే అంటే ఏదే?"

"శనగలున్నాయి, కీర ముక్కలున్నాయి, గుడ్లున్నాయి, మరమరాల్లోకి ఉల్లిపాయా నిమ్మకాయా ఉన్నాయి. ఇవన్నీ దేని పక్కన పెట్టుకుంటారో అది."

అప్పుడు చూశాను నేను నా డబ్బాల వంక, మొదటిసారి పరాయివాడి కళ్లతో. గుండె జారి లుంగీలో పడింది. బరువు తగ్గాలంటే ఏం తినాలో పెద్ద పెద్ద డాక్టర్లు ఫోన్లలో చేతులూపుతూ చెప్పిన తిండీ, వైన్‌షాపు పక్కన పర్మిట్ రూములో పేపర్ ప్లేటులో పెట్టే తిండీ ఒక్కటే! ఒక్క పదార్థం తేడా లేదు. ఉప్పూ కారం కూడా తేడా లేదు. మనిషి లివరును కాపాడే మెనూ, మనిషి లివరును ముంచే మెనూ ఒకే తల్లి కడుపున పుట్టిన కవలలని ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు.

"ఇది ఆరోగ్యం," అన్నాను.

"ఆరోగ్యమే లెండి," అంది ఆవిడ. ఆ 'లెండి'లో ఒక కోర్టు, ఒక బోను, ఒక జైలు ఉన్నాయి.

వీధి చివరి కిరాణా కొట్టులో ఇంకా నయం. మరికొన్ని మరమరాలు, పుట్నాలు అడిగితే కొట్టాయన నా కారు వెనక సీటు మీదున్న టెంటు మూటనూ డబ్బాలనూ మెడ సాచి చూశాడు. సరుకులతోపాటు అడక్కుండానే ప్లాస్టిక్ గ్లాసుల కట్ట ఒకటి సంచిలో వేశాడు.

"గ్లాసులు నేనడగలేదే?"

"మర్చిపోతరు సార్. అందరు మర్చిపోతరు. అడివిల పోయినంక యాదికొస్తది," అని కన్ను గీటాడు. ఆ కన్నుగీటు చప్పుడు పక్కవీధి దాకా వినిపించింది.

గ్లాసులు తిరిగిచ్చేసి కారెక్కాను. నన్ను అనుమానిస్తే నాకేం నష్టం లేదు. నా గురించి ఎవరేమనుకున్నా అది ఊళ్లో పాత సంగతే. కానీ ఈ ప్రయాణంలో నా వెంట వస్తున్నది మా బావ.

మా చెల్లెను కొత్తగూడెం బొగ్గు గనుల్లో పనిచేసే మనిషికిచ్చాం. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. దాని టైరు పక్కన నిలబడితే మనిషి మిరపగింజలా కనిపిస్తాడు. అంత బండిని వేలితో తిప్పే మా బావను చాలాకాలం ఒక చిన్న సీసా తిప్పింది. షిఫ్టు దిగితే సీసా, వారం సెలవుకు సీసా. ఒకరోజు మా చెల్లె కుట్టుమిషను ట్రాలీ ఆటోలో వేయించుకుని మా ఇంటికొచ్చేసింది. ముందుగదిలో మిషను పెట్టుకుని నెలల తరబడి మా వీధి మొత్తానికి జాకెట్లు కుట్టింది. దవాఖానాలో డాక్టరు బావకు లివరు ఉబ్బిందనీ, షుగరు గుమ్మంలో చెప్పులు విప్పుతోందనీ చెప్పాడు. చెల్లె లేని ఇల్లో, డాక్టరు మాటో, ఏది తగిలిందో గాని మానేశాడు. మానేసిన మనిషిని కొన్నాళ్లు దూరం నుంచి చూసి చెల్లె మళ్లీ మిషనుతో సహా వెళ్లింది. వెళ్తూ ఒకటే మాట చెప్పింది. "మల్ల వాసనొచ్చిన దినం మిషను ఆటో ఎక్కుతది. ఈసారి బతిమిలాడనీకె ఎవ్వలు రావద్దు."

ఆ ఆదివారం బావ షిఫ్టులో ఒకాయన రిటైర్మెంటు దావతు. బొగ్గుబాయి దావతులో కూర్చుని తాగకుండా లేవడమంటే వరదలో దిగి తడవకుండా ఒడ్డుకు రావడం. పోకపోతే పెద్దమనిషిని అవమానించినట్టు. అందుకని నేనే ఉపాయం చెప్పాను. శనివారమే బావను తీసుకుని అడవి అంచుకు పోతాను, అక్కడ గుడారం వేస్తాను, ఒక రాత్రి ఉండి ఆదివారం సాయంత్రానికి దించుతాను. ఫోను కలవదు, దావతు గడిచిపోతుంది. పైగా తేలికపాటి తిండి తిని ఇద్దరి పొట్టలూ ఒక అంగుళం వెనక్కి జరుగుతాయి.

"నువ్వు జమానతు ఉంటవా అన్నా?" అని ఫోనులో అడిగింది చెల్లె.

"ఉంటా, పూచీ నాదే," అన్నాను ఛాతీ విరుచుకుని. ఛాతీ విరుచుకుంటే పొట్టే ముందుకొచ్చింది.

కొత్తగూడెంలో వాళ్ల క్వార్టరు ముందు కారు ఆపగానే చెల్లె వచ్చి వెనక తలుపు తీసింది. మెడలో టేపు వేలాడుతూనే ఉంది. ఒక్కొక్క డబ్బా మూత తీసింది. శనగలు చూసింది, మూత పెట్టింది. కీర చూసింది, మూత పెట్టింది. నిమ్మకాయల దగ్గర ఆగింది.

"ఇవెందుకన్నా?"

"మరమరాలల్ల పిండుకోనీకె."

"సోడా తెచ్చినవా?"

"చెల్లే!"

"అడుగుతున్న అంతే." సీటు కింద చెయ్యి పెట్టి తడిమింది. డిక్కీలో స్టెప్నీ కింద కూడా చూసింది. అక్కడ నా పాత చెప్పు ఒకటి దొరికితే దానిక్కూడా వాసన చూసింది. తర్వాత నా ముఖం వంక చూసి, గొంతు తగ్గించి, "నువ్వు మంచోనివే. నువ్వు చెప్పే ముచ్చట్లే మంచియి గావు. ఏదైనా అయితే ఉన్నదున్నట్టు చెప్పు అన్నా. నీ కథలు చెప్పకు," అంది.

మా బావ లోపలి నుంచి సంచి భుజాన వేసుకుని వచ్చాడు. మా ఇద్దరిలో నేను ఆయనకు భార్య అన్న, ఆయన నాకు చెల్లె మొగుడు. అందుకని ఒకరినొకరు "బావా" అనే పిలుచుకుంటాం. ఎవరు ఎవరిని పిలిచారో దారిన పోయేవాడికి తెలియదు. మా ఇద్దరిలో తప్పు చేసింది ఎవరో కూడా అట్లాగే తెలియదు. ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. డంపరు నడిపే మనిషి పక్కన కూర్చుని నేను కారు నడిపితే ఆయనకు కాళ్లు దురదపెడతాయి.

అశ్వారావుపేట ఇంకా రాకముందే ఒక చెక్‌పోస్టు. అవతల పక్క రాష్ట్రం కాబట్టి వచ్చే బండి, పోయే బండి చూస్తుంటారు. ఒక మనిషి వచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు. టెంటు, చాప, ఇద్దరు నడివయసు మగవాళ్లు, శనగల డబ్బా. ఆయన ముఖంలో పెళ్లికళ వచ్చింది.

"దిగండి సార్. డిక్కీ తీయండి."

తీశాం. వెతికాడు. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా చిక్కబడింది. సీట్లు లేపాడు. టెంటు విప్పించాడు. ఇంజను మీద మూత తీసి నీళ్ల డబ్బా వాసన చూశాడు. మందు దొరికితే కేసు తేలిపోయేది, దొరకని మందును ఎట్లా వదిలిపెడతాడు?

"నిజం చెప్పండి సార్, ఏమనను. ఏడ పెట్టిండ్రు?"

"మేం డైటింగు చేస్తున్నం," అన్నాను.

నలభై ఊళ్ల అబద్ధాలు విన్న ఆ మనిషి ఇలాంటిది మాత్రం ఎన్నడూ విననట్టు నా వంక చూశాడు. చివరకు శనగలు నాలుగు నోట్లో వేసుకుని, "ఉప్పు మస్తు కుదిరింది. గిది ఉత్తగ తినేటిది గాదు," అని తీర్పు చెప్పి వదిలేశాడు. కారు కదిలాక అద్దంలో చూస్తే ఇంకా మా వంకే చూస్తున్నాడు.

మా బావ గేరు మార్చాడు. "బావా, నేను తాగిన్నాడు గూడ నన్ను ఎవడు గిట్ల ఎతకలె," అన్నాడు.

మాకు చోటిచ్చింది నా పాత దోస్తు. ఆయనకు అక్కడ పామాయిల్ తోట ఉంది. తోట అయిపోయిన చోట ఒక వాగు, వాగు దాటితే అడవి. ఎండాకాలం మొదలు కాబట్టి వాగులో మడుగులు మాత్రమే ఉన్నాయి. ఒడ్డున చదునుగా ఉన్న చోట టెంటు వేశాం. వేశాం అంటే, నేను సలహాలిచ్చాను, బావ వేశాడు. ఎక్కడా జనం లేరు, షాపు లేదు, ఫోనులో ఒక్క గీత లేదు. మా ఇద్దరి నిజాయితీకి ఇంతకన్నా మంచి చోటు భూగోళంలో లేదనుకున్నాను.

అప్పుడు గాలి తిరిగింది. వాగు అవతలి నుంచి తియ్యటి, మత్తు, పులిసిన వాసన గుప్పున వచ్చింది. ఇప్పచెట్లు పూత మీదున్నాయి. రాలిన పూలు కుప్పలుగా ఎండకు మగ్గుతున్నాయి. అడవికి అడవే తప్పతాగి పడుకున్నట్టుంది. మా చొక్కాలకు, టెంటు గుడ్డకు, ఆఖరికి కీర ముక్కలకు కూడా ఆ వాసన పట్టింది.

మధ్యాహ్నం చాప మీద డబ్బాలన్నీ పరుచుకుని కూర్చున్నాం. ఇప్పపూల గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె అవతలి ఒడ్డు వెంట వచ్చింది. వాగు దాటి ఇటే రాబోతూ మమ్మల్ని చూసి ఆగిపోయింది. చాప, శనగలు, ఉల్లిపాయలు, ఇద్దరు మగాళ్లు. గంప సర్దుకుని దూరంగా చుట్టుదారి పట్టింది.

మా బావ లేచి నిలబడి, "అమ్మా, మేం తాగలేదమ్మా!" అని అరిచాడు.

"మంచిదే బిడ్డా," అని ఆమె నడక ఇంకా జోరు చేసింది.

అడగకుండానే తాగలేదని అరిచేవాడిని లోకంలో ఎవరు నమ్ముతారు? గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టయింది. బావ కూర్చుని కీర ముక్క ఒకటి తీసుకుని దాన్ని తినకుండా చాలాసేపు చూశాడు.

"బావా, గిది తిండా, తిండి ఫోటోనా?" అన్నాడు.

నిజానికి ఆకలి నన్నూ పీకుతోంది. అంతలావు డంపరును తిప్పే మనిషి ముందు పెసర మొలకలు పెడితే ఏనుగుకు ఏలకులు పెట్టినట్టే. అయినా నేను, "నమిలి నమిలి తిను. నమిలితేనే కడుపు నిండుతది," అని పాఠం చెప్పాను. ఆయన ఒక శనగను ఎంతసేపు నమిలాడంటే అది మొలకెత్తుతుందేమోనని భయం వేసింది.

ఎండ వాలాక బావ లేచి వాగు వెంట పొదల్లోకి పోయాడు. కాసేపటికి వచ్చాడు. మళ్లీ పోయాడు. మళ్లీ వచ్చాడు. మొదటిసారి నేను ఏమీ అనుకోలేదు. రెండోసారి అనుకున్నాను. మూడోసారి నా బుర్రలో ఒక కారు మొత్తం పోలీసులు దిగారు. ఈ చోటు ఆయనకు ముందే తెలుసా? దోస్తులెవరైనా పొద్దున్నే వచ్చి ఇసుకలో పూడ్చి పోయారా? సంచిలో ఏముందో చెల్లె చూసింది, నడుం దగ్గర చూసిందా? జమానతు పడ్డ మనిషికి నిద్రే రాదంటారు, నాకు కూర్చోవడమే రాలేదు. చెప్పులు విప్పి చేత పట్టుకుని ఆయన వెనకే పోయాను. ముల్లు గుచ్చుకుంటే అరవకుండా కింది పెదవి కొరుక్కున్నాను. పులి వేటకు పోయినవాడు కూడా ఇంత జాగ్రత్తగా పోయి ఉండడు.

బావ ఒక చెట్టు కింద నా వైపు వీపు పెట్టి నిలబడి ఏదో నోట్లో వేసుకుంటున్నాడు. నేను పక్కకు పోయి, మాట కలిపినట్టు ముఖం ముఖానికి దగ్గరగా పెట్టి, "ఏం చేస్తున్నవ్ బావా?" అంటూ గట్టిగా ఊపిరి పీల్చాను.

ఆయన గుప్పిట విప్పాడు. తునికిపండ్లు. పసుప్పచ్చగా పండినవి నాలుగు.

"నా నోరు వాసన చూస్తున్నవా బావా?"

నేను చేతిలో ఉన్న చెప్పులు కింద వేసి తొడుక్కున్నాను.

"మీ చెల్లె దినాం చూస్తది. తలుపు తీయంగనే చూస్తది. దానికి హక్కున్నది, చూడని. నేను గూడ ఇంటికి పోంగనే నోరు తెరిచి నిలబడుత." పండు ఒకటి నా చేతిలో పెట్టాడు. "నువ్వు గూడనా?"

ఆ పండు ఎంత తియ్యగా ఉందో నేను చెప్పలేను. గింజలు మాత్రం రాత్రిదాకా నా గుప్పిట్లోనే ఉన్నాయి.

రాత్రి ఎవరి దిక్కు వాళ్లు తిరిగి పడుకున్నాం. తెల్లవారాక, డబ్బాలు ఇంకా సగం నిండే ఉన్నా వాటి వంక చూడబుద్ధి కాక, ఆకలితో కళ్లు పచ్చబడి ఉన్నప్పుడు నాకు అంబలి గుర్తొచ్చింది. రాగి అంబలి! శుక్రవారం నేనే కాచి, పులియబెట్టి, మజ్జిగ కలిపి పెద్ద కూల్‌డ్రింక్ సీసాలో పోశాను. పక్కన కాస్త మామిడికాయ ముక్క నంజుకుంటే పొద్దుటి పూటకు దాన్ని మించిన తిండి లేదు. కడుపు నింపుతుంది, బరువు పెంచదు. పోసేటప్పుడు మా ఆవిడ, "మూత వదులుగా పెట్టండి, ఎండకు పొంగుతుంది," అంది. కారులో ఒలుకుతుందని నేను మూతను పట్టకారుతో బిగించాను. బొగ్గుబాయిలో బోల్టు కూడా అంత బిగించరు. తర్వాత రోజంతా ఎండలో నిలబెట్టిన కారులోనే దాన్ని మరిచిపోయాను. చెల్లె వెతికినప్పుడు, చెక్‌పోస్టులో వెతికినప్పుడు అది మామూలు సీసాయే. ఆదివారం పొద్దున డోరు తీసి చూస్తే నిండు నెలల గర్భిణిలా ఉంది. అడుగు గుండ్రంగా ఉబ్బి నిలబడనంటోంది.

"ఇటు తే," అన్నాడు బావ. ఆకలి మీదున్నాడు. తెరిచిన సంచి పక్కన చాప మీద కూర్చుని సీసాను ఒళ్లో పెట్టుకుని మూత తిప్పాడు.

నేను చూసింది చెబుతున్నాను. ఆ మూత పోయి ఆంధ్రాలో పడింది. అంబలి తాటిచెట్టు ఎత్తు లేచి, పైన ఒక్క క్షణం ఆలోచించుకుని, మళ్లీ మా బావ మీదే దిగింది. జుట్టు, మీసాలు, చొక్కా, ప్యాంటు, సంచిలో ఉన్న మారు బట్టలు, తుండుగుడ్డ, ఏదీ మిగల్లేదు. ఆయన కనురెప్పల నుంచి రాగులు కారుతున్నాయి. పొంగు దిగాక వాసన లేచింది. కల్లుపాక గోడకు కూడా అంత వాసన ఉండదు.

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నవ్వు రాలేదు. ఇద్దరి తలలోనూ ఒకే తలుపు, ఆ తలుపు తీసే ఒకే మనిషి.

మడుగులో దిగి మధ్యాహ్నం దాటేదాకా బట్టలు మళ్లీ మళ్లీ ఉతికాం. మడుగులో నీళ్ల కన్నా ఇప్పపూలే ఎక్కువున్నాయి. ఉతికిన బట్టల్లో అంబలి పులుపు సగం పోయి, ఇప్పపూల మత్తు రెట్టింపు చేరింది. తడిబట్టలు కట్టుకుని, ముఖం మాడ్చుకుని బావ కారు స్టార్టు చేశాడు. సగం దారి వచ్చాక నోరు విప్పాడు.

"బావా, ఈ డబ్బాలు చూస్తే ఇంక నమ్మదు," అన్నాడు. "శనగలు, ఉల్లిగడ్డలు, గీ వాసన. ఇంకేం కావాలె?"

నాకూ అదే తోచింది. సాక్ష్యాన్ని మాయం చేయాలి. అడవిదారిలో పారేస్తే కోతులు రోడ్డు మీదికొస్తాయి, పాపం. అందుకని మింగడమే మార్గం. బావకు తిండి సహించడం లేదు, చూడనైనా చూడలేదు. నేను మొదలుపెట్టాను. శనగలు తిన్నాను. మొలకలు తిన్నాను. గుడ్లు, కీర, పల్లీలు, నిమ్మకాయ పిండకుండానే మరమరాలు. ఒక్కో ఊరు దాటుతుంటే ఒక్కో డబ్బా ఖాళీ అయింది. తక్కువ కేలరీల తిండి అయినా ఒకేసారి ఒక మూట తింటే ఎంతవుతుందో ఏ డాక్టరూ చెప్పలేదు. సీటు బెల్టు నన్ను కొత్త మనిషిలా చూసింది.

కొత్తగూడెం ఇంకా కొంచెం దూరం ఉందనగా రోడ్డు పక్కన వరుసగా షాపులు. మధ్యలో ఒక వైన్‌షాపు, ఎర్ర బోర్డు. బావ కారు నెమ్మది చేశాడు. ఇంకా నెమ్మది చేశాడు. ఆపాడు.

"బావా, ఎట్లయిన తాగిననే అంటది," అన్నాడు స్టీరింగు వంక చూస్తూ. "తాగకుంట మాట పడుడేంది? తాగి పడ్డా ఒకటే, తాగకుంట పడ్డా ఒకటే అయినంక."

నేను కథలు చెప్పి బతికేవాణ్ని. ఆ నిమిషం నా నోట్లో ఒక్క మాట లేదు, మరమరాలు తప్ప.

"ఇప్పుడే వస్త," అని దిగాడు. ఆయన నడిచిన దిక్కు నాకు కనబడకుండా ఒక లారీ అడ్డం వచ్చి నిలబడింది. ఆ లారీ జన్మలో కదల్లేదు. దాని మీద ఉన్న బొగ్గు మళ్లీ చెట్లయ్యేంత సేపు నిలబడింది. దిగి పట్టుకుందామా అనుకున్నాను. నిన్నటి తునికిపండు గుర్తొచ్చింది. దిగలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

బావ వచ్చాడు, చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం. నేను పొట్లం వంక చూడలేదు, కిటికీలోంచి బయటకు చూశాను. ఆయన పొట్లం విప్పి డాష్‌బోర్డు మీద పెట్టాడు. సబ్బు ఒకటి, షాంపూ ప్యాకెట్లు.

"దుకాణం పక్క సందుల బోరింగున్నది. కొట్టు," అన్నాడు.

నేను బోరింగు కొట్టాను. ఆయన తలంటుకున్నాడు. పదిమంది పెళ్లికొడుకులకు సరిపడా నురగ వచ్చింది. చివరికి మంచి మల్లెపూల షాంపూ వాసన, దాని కింద అంబలి వాసన, దాని కింద ఇప్పపూల వాసన, మూడంతస్తుల మేడలా నిలబడ్డాయి. పని అయ్యాక గాని ఇద్దరికీ వెలగలేదు. ఆదివారం సాయంత్రం దోస్తులతో అడవికి పోయి, తలస్నానం చేసి, షాంపూ కంపుతో ఇంటికొచ్చే మగాణ్ని చూసి ఏ పెళ్లాం నమ్ముతుంది?

క్వార్టరు తలుపు చెల్లె తీసింది. బావ అన్నమాట ప్రకారం నోరు తెరిచి నిలబడ్డాడు. ఆమె ఆయన నోరు చూడలేదు. జుట్టు దగ్గర ఆగింది. తడిచొక్కా కొస పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ముఖం తెల్లబడింది. ఏమీ అనకుండా రెండడుగులు వెనక్కి జరిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

"చెల్లే, నేను చెప్త," అని నేను అందుకున్నాను. "రాగి అంబలి. సీసా మూత నేనే బిగించిన, పట్టకారుతోని. ఎండకు పొంగి తాటిచెట్టంత లేచింది, మూత పొయ్యి ఆంధ్రాల పడ్డది..."

"అన్నా." చెల్లె చెయ్యెత్తి ఆపింది. "ఉన్నదున్నట్టు చెప్పుమన్న గద. నువ్వు చెప్తే జరిగింది గూడ జరగనట్టయితది."

డబ్బాల సంచి తీసుకుని మూతలు తెరిచింది. అన్నీ ఖాళీ. ఒక్క శనగ లేదు. "మొత్తం తిన్నరు," అంది మెల్లగా. "ఉత్తగ ఎవరన్న ఇన్ని శనగలు తింటరా?"

బావ మమ్మల్నిద్దరినీ దాటుకుని వంటింట్లోకి పోయాడు. గిన్నె మూత తీసిన చప్పుడయింది. తర్వాత ఆయన గొంతు.

"అన్నమేది?"

"ఏంది?" అంది చెల్లె.

"అన్నమేదంటున్న! గింత అన్నం ఎవనికి సరిపోతది? మనిషి ఇంటికొస్తడని తెల్వదా? పప్పు గూడ అడుగునున్నది. రెండు దినాలసంది గడ్డి తింటున్న నీయన్నతోని, పానం పోతున్నది, మళ్ల ఎసరు పెట్టు, జల్దీ!"

ఇంట్లో ఉన్న కొంచెం అన్నం కంచంలో బోర్లించుకుని, మామిడికాయ తొక్కు జాడీ ఒళ్లో పెట్టుకుని, నేల మీదే కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ముద్ద ముద్దకూ కోపం. చెల్లె గుమ్మం పట్టుకుని నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పోయి కుక్కర్లో బియ్యం పోసింది. నీళ్లు కొలుస్తూ, మాకు వీపు పెట్టి మాట్లాడింది.

"తాగొచ్చిన్నాడు ఒక్కనాడన్న అన్నం అడిగిండా అన్నా గీయన? కంచంల పెట్టి కూసుంటే ముట్టకపోయేటోడు. మూత పెట్టి పెడితే పొద్దుగాల చీమలు తిన్నంక నేనే పారవోసేదాన్ని. అన్ని సంవత్సరాలు." కుక్కరు మూత బిగించింది. "గిట్ల మీదవడి తింటుంటే చూసి ఎంత కాలమైందో."

బావ తల ఎత్తలేదు. "తొక్కుల ఉప్పు తక్కువైంది," అన్నాడు.

"అవ్, తక్కువనే అయింది," అంది చెల్లె. పోయి ఉప్పు తెచ్చి కంచం పక్కన పెట్టింది. ఆయన తల మీద ఒక్కసారి చెయ్యి ఉంచి తీసింది, షాంపూ అంటుకుందేమోనని చూసుకున్నట్టు.

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. జమానతు దింపుకున్న మనిషికి ఒళ్లు దూదిపింజలా ఉండాలి. నా ఒళ్లు శనగల బస్తాలా ఉంది. కుక్కరు విజిల్ వేసింది. కొత్త అన్నం పొగలు కక్కుతూ వచ్చింది. బావ కంచం నిండింది. చెల్లె ఇంకో కంచం తెచ్చి నా ముందు పెట్టింది.

"నాకొద్దు చెల్లే, ఆకలి లేదు," అన్నాను.

గరిటె గాలిలో ఆగింది. చెల్లె నా వంక తిరిగింది. బావ కూడా తినడం ఆపి, రెండు రోజుల్లో మొదటిసారి, నా వంక అనుమానంగా చూశాడు.

"ఆకలెందుకు లేదన్నా?" అంది చెల్లె.

"శనగలు..." అన్నాను.

ఆమె నా కంచంలో ఒక గరిటె వేసింది, ఇంకో గరిటె వేసింది, కుప్ప మీద పప్పు పోసింది. ఎదురుగా చాప వేసుకుని, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది.

"తిను," అంది. "నేను చూస్త."